అయుత్తయలో బందరు గుడ్డ

అయుత్తయ స్టేషన్లో దిగీ దిగగానే మా ఇద్దరికీ తగాదా మొదలైంది. బ్యాంకాక్ హువా లంఫోంగ్ నుంచి మూడో తరగతి పెట్టెలో గంటన్నర పైగా ప్రయాణం. కిటికీ గాలికి జుట్లు రేగి ఉన్నాయి. నా జేబులో పది గుళ్ళ పట్టీ ఉంది. ‘మూడు చాలు, పదోది చూసేసరికి మొదటిది గుర్తుండదు’ అంది మా ఆవిడ. కాళహస్తి, కాణిపాకం, అలమేలు మంగాపురం ఒక్క రోజులో చుట్టబెట్టించిన మొగుడితో కాపురం చేసిన మనిషి, అనుభవం మీద చెప్పింది. పట్టీ మడిచి జేబులో పెట్టేశాను.

స్టేషన్ ఎదుటి వీధి చివర పాసక్ నది. చిన్న పడవ నిమిషాల్లో అవతలికి దాటిస్తుంది. చావో ఫ్రాయా, లోప్‌బురి, పాసక్, మూడు నదుల మధ్య లంక ఈ పాత ఊరు. 1351లో వెలిసి, 1767లో బర్మా సేనలు తగలబెట్టేదాకా సయాం రాజ్యానికి రాజధాని. ఆ తర్వాత బ్యాంకాక్ కట్టుకునేటప్పుడు ఇక్కడి ఇటుకల్నే పడవలకెత్తి తీసుకుపోయారు. అన్ని పోగా మిగిలినవే ఇంతున్నాయి.

ఇక్కడికొచ్చిన మనవాళ్ళు ఒక మాట అనకుండా వెళ్ళరు. ‘అయుత్తయ అంటే మన అయోధ్యే!’ నిజమే, పేరు అక్కడిదే. ఊరు కట్టిన రాజు బిరుదు కూడా రామాధిపతే. కాదనను. కానీ ఆ మాట అనేశాక ఇక చూడాల్సిందేమీ లేనట్టు వ్యాన్ ఎక్కేస్తారే, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. పేరు ఇచ్చామన్న గొప్ప ఉన్నవాడికి పుచ్చుకున్నవాడి ఇంట్లోకి తొంగి చూడబుద్ధి కాదు.

వాట్ మహాథాత్‌లో చెట్టు వేళ్ళ నడుమ ఇరుక్కున్న బుద్ధుడి తల లోకప్రసిద్ధం. దాని పక్కన ఫొటో దిగాలంటే నేల మీద కూర్చోవాలి. మన తల ఆ తలకన్నా ఎత్తులో ఉండకూడదు. నిలబడ్డవాళ్ళని కాపలాదారు చేత్తో సైగ చేసి కూర్చోబెడుతున్నాడు. మా ఆవిడ మోకాళ్ళు పట్టుకుని తనంతట తానే చతికిలబడింది. ఫొటో వద్దంది. పది నిమిషాలు అలాగే కూర్చుంది. చుట్టూ తలలు లేని బుద్ధులు వరసగా ఉన్నారు.

రోడ్డుకి అటువైపు రాచబురణ గుడి. దాని కథ మన పల్నాటి వాళ్ళకి చెబితే తలాడిస్తారు. గద్దె కోసం అన్నదమ్ములిద్దరు ఏనుగులెక్కి కొట్టుకుని ఇద్దరూ చచ్చారు. కొట్లాటకు పోని మూడోవాడు రాజై, వాళ్ళని దహనం చేసిన చోట 1424లో ఈ గుడి కట్టించాడు. లోపలి గూట్లో దాచిన బంగారాన్ని 1957లో దొంగలు తవ్వుకుపోయారు. మిగిలిందీ దొరికిందీ ఊళ్ళోని చావో సామ్ ఫ్రాయా మ్యూజియంలో పెట్టారు. మ్యూజియానికి ఆ మూడో తమ్ముడి పేరే.

భోజనం గురించి ఎక్కువ చెప్పను. ఇక్కడ మాంసం వద్దంటే ముక్కలు తీసేస్తారు గానీ చేపల రసం మానరు. ‘జే’ అని రాసిన పసుపుపచ్చ జెండా కనబడేదాకా మా శాకాహారి ఎండలో నన్ను నడిపించింది. ఆ తర్వాత రోటీ సాయ్‌మాయ్ అని, మన పీచుమిఠాయిని పల్చటి రొట్టెలో చుట్టిచ్చే తీపి ఒకటి తిన్నాం. ఇక్కడి ముస్లింల చేతి వంట అది. అలక తీరింది.

మూడో గుడి చైవత్తనారామ్, చావో ఫ్రాయా పడమటి ఒడ్డున. ప్రసాత్ తోంగ్ రాజు 1630లో కట్టించాడు. సాయంత్రం ఎండ పడితే ఇటుక ఎర్రగా కాలుతున్నట్టుంటుంది. అక్కడ రాళ్ళకన్నా మనుషులే రంగుల్లో ఉన్నారు. 2018లో ఒక టీవీ సీరియల్ వచ్చింది. ఈ కాలపు అమ్మాయి అయుత్తయ ఏలిన నరాయ్ రాజు రోజుల్లోకి వెళ్ళిపడుతుంది. అది చూసిన దగ్గర్నుంచి అద్దె దుస్తులు కట్టుకుని ఈ గుడిలో తిరగడం అక్కడ వేడుకైపోయింది. గోచి పోసిన కట్టు, పైన ఒంటి భుజం మీద ఉత్తరీయం.

మా ఆవిడ ఆగిపోయింది. ‘ఏమండీ, ఆ పిల్ల కట్టుకున్నది చూడండి. మా బందరు అద్దకం కాదూ!’

ఆవిడ పుట్టిల్లు బందరు. తప్పు చూడలేదు. ఎర్రటి నేల మీద చేతులు జోడించిన దేవతలు, అంచున మంట నాలుకల్లాంటి మొగ్గలు. ఆ దేవతలు మనవాళ్ళు కారు, థాయ్‌వాళ్ళు. కానీ ఆ ఎరుపు మనది. 17, 18 శతాబ్దాల్లో సయాం రాజులు తమకు నచ్చిన నమూనాలు కోరమండల్ తీరానికి పంపి గుడ్డ అద్దించుకునేవాళ్ళు. దాన్ని ఫా లాయ్ యాంగ్ అన్నారు, అంటే నమూనా ప్రకారం అద్దిన గుడ్డ. రాజు తన ఉద్యోగులకు హోదాని బట్టి దాన్ని బహూకరించేవాడు. కృష్ణా తీరపు అద్దకందారు కరక్కాయ, పటిక, చిరివేరు, తుప్పు ఇనుములో నానబెట్టిన బెల్లం నీళ్ళు దగ్గర పెట్టుకుని, ఎన్నడూ చూడని దేశపు దేవతలను దించాడు. అక్కడితో ఊరుకోక ఒక్కోసారి సొంత పూవూ తీగా కలిపాడు. అలాంటి వాటికి సయాంలో వేరే పేరుంది: ఫా లాయ్ నోక్ యాంగ్, నమూనా దాటిన గుడ్డ. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. బేరగాడు చెప్పినట్టే చేస్తే బందరువాడెలా అవుతాడు?

దారి కూడా చిత్రమే. మచిలీపట్నంలో ఎక్కిన బేళ్ళు ఇప్పటి మయన్మార్‌లో ఉన్న మెర్గుయ్ రేవులో దిగి, తెనసరిం కొండలు దాటి అయుత్తయ చేరేవి. అటునుంచి మనకి ఏనుగులు ఓడల్లో వచ్చేవి. ఏనుగులిచ్చి గుడ్డ పుచ్చుకున్న వ్యాపారం! ఇందులో దెబ్బలాటలూ లేకపోలేదు. మెర్గుయ్, బందరుల మధ్య సయాం రాజు ఓడలు నడిపిన సామ్యూల్ వైట్ అనే ఇంగ్లీషువాడు 1680ల్లో అదే మెర్గుయ్‌కి షాబందరై, అంటే రేవు అధికారై, గోల్కొండ ఓడల్ని దోచుకున్నాడు. మన పాఠ్యపుస్తకంలో గోల్కొండ కథ వజ్రాల దగ్గరే ఆగుతుంది.

రాముడి పేరుకి ఇచ్చిన చోటులో పదోవంతు ఈ అద్దకందారుకి ఇచ్చి ఉంటే బాగుండునని నా ఫిర్యాదు. పేరు ఎవరో ప్రయత్నపడి మోసింది కాదు, కథతో పాటు వచ్చింది. గుడ్డని మాత్రం ఒకడు ఉడికించి, ఉతికి, ఆరేసి, మళ్ళీ ఉడికించి పంపాడు. అతని పేరు అక్కడా లేదు, ఇక్కడా లేదు. అతను అద్దినవి కొన్ని లండన్‌లోని వి అండ్ ఎ మ్యూజియంలో ఉన్నాయి.

ఇదంతా నేను చెబుతుండగానే మా ఆవిడ అద్దె దుకాణంలోకి వెళ్ళిపోయింది. వేలాడుతున్న గుడ్డ ఒకటి అందుకుని, అంచు మడిచి వెనకవైపు చూసింది. తెల్లగా ఉంది. రంగు దిగలేదు. ‘మిషను ప్రింటు’ అని పెదవి విరిచింది. నేను వెనక్కి తిరగబోతుంటే అదే గుడ్డ అద్దెకి అడిగింది.

దుకాణం పిల్లకు ఇరవై ఏళ్ళుంటాయి. గోచి పోసి కట్టి, ఉత్తరీయం తీసి మా ఆవిడ ఎడమ భుజం మీదుగా వేసి, మడతలు సర్ది, పిన్ను పెట్టి, ఎలా నిలుపుకోవాలో సైగలతో ఓపిగ్గా రెండుసార్లు చూపించింది. మా ఆవిడ బుద్ధిగా తలూపి, నావైపు తిరిగి, ‘నాకు పైట వేసుకోవడం నేర్పుతోందండీ’ అంది.