హోరునకు నాదమని పేరు

వినాయక నిమజ్జనమునకు మైపాడు తీరమును చేరు వాహనములమీదనైననేమి, నెల్లూరు పెండ్లి ఊరేగింపులలోనైననేమి, డీజే పెట్టెల మంచిచెడ్డలకు గుండె అదరుటే ప్రమాణమైనది. పెట్టె కట్టు వడ్రంగియు, బాడుగకిచ్చు యజమానియు, ముందు నిలిచి చిందులు వేయు యువకుడును ఏకకంఠముగా నమ్ముచున్న యీ మతమును నేనంగీకరింపజాలను.

పెట్టెకు గొట్టమమర్చుట లోపలి గాలిని వెడలనిచ్చుటకని పలువురి భ్రమ. గొట్టములోని గాలి బరువుగను, పెట్టెలోని గాలి స్ప్రింగుగను వర్తించి, రెండును గూడి ఒకానొక స్వరమున ఊగును; అదియే పెట్టె శ్రుతి. ఘటవాద్యపు మంద్రనాదమునకును ఇదియే మూలము. ఈ ధర్మమునే స్పీకరు పెట్టెకు అన్వయించి అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన ఆల్బర్ట్ థురాస్ 1932లో పేటెంటు పొందెను. 60 లీటర్ల పెట్టెకు 10 సెంటీమీటర్ల లోవ్యాసము గల పి.వి.సి. గొట్టమును (రొయ్యల గుంటల పుణ్యమా యని మన తీరమున దీనికి కొదువ లేదు) 29 సెంటీమీటర్ల నిడివిన అమర్చిన శ్రుతి ఇంచుమించు 33 హెర్ట్జ్ వద్ద నిలుచును. దానినే 10 సెంటీమీటర్లకు కుదించిన 48కి ఎగబ్రాకును. అప్పుడు దెబ్బ హెచ్చెనని మురియుదురు. హెచ్చినది ఆ శ్రుతి చెంతనున్న నాలుగు స్వరములే! 41 హెర్ట్జ్‌న పలుకు బాస్ గిటారు అడుగుతీగ క్షీణించును. శ్రుతికి దిగువన, మూసిన పెట్టెలో ఆక్టేవుకు 12 డెసిబెల్‌లు తగ్గు ధ్వని గొట్టపు పెట్టెలో 24 తగ్గుటయేగాక, గాలి ఆసరా తప్పిన కోను విచ్చలవిడిగా కదలి కాయిలునకే చేటు తెచ్చును.

ఆరుబయట గోడల తోడ్పాటుండదు గనుక శ్రుతి పెంచక తప్పదందురు. కొంత నిజమే, 40 వరకు నేనును ఒప్పుకొందును. మిగిలిన లోటును పెట్టెల సంఖ్యతో తీర్పవలెను గాని గొట్టమును నరికి కాదు. ఇరుకుతనముచేతనే మంద్రస్వరములను హెచ్చించు కారులోపల సైతము ఆ పొట్టిగొట్టమునే బిగించువారు ఏ గోడల లోటును సాకుగా చూపుదురో!

శ్రుతి కనుగొనుటకు యంత్రములక్కరలేదు. వూఫరు ఆకాశమును చూచునట్లు పెట్టెను పరుండబెట్టి, కోనుపై కొన్ని మొలగొలుకుల బియ్యపు గింజలు చల్లి, ఫోనునుండి 60 హెర్ట్జ్ మొదలు స్వరమును మెల్లగా దించుచు రావలెను. ఎగురుచున్న గింజలు ఒకచోట దాదాపు కదలక నిలుచును. ఆ క్షణమున గొట్టపు మూతికి అరచేయి అడ్డుపెట్టిన గాలి ఉధృతముగా తగులును. శ్రుతి అచ్చటనే. ఇంకను దించిన గింజలు మరల చిందులు త్రొక్కును. అదిరిపోవునని అమ్మజూపు పెట్టెలో గింజలు 50 చెంతనే నిలిచినచో, కొనువాడు ధర తగ్గింపుమని అడుగుట న్యాయము.