తాత వ్యానుకు కరెంటు మోటరు

తాత కొన్న 1986 మారుతి వ్యానును ఎలక్ట్రిక్ చేయాలా వద్దా అని మా ఇంట్లో వాదన. అప్పటికి దానికి ఓమ్ని అనే పేరు కూడా రాలేదు. "ఇంజన్ తీసేస్తే అది మా నాయన బండి ఎట్లయితుంది?" అంటాడు చిన్నాయన. తాత దాంట్లో దినమూ కోలారు మండీకి టమోటా బుట్టలు తోలినాడు. షెడ్డులో గుడ్డ కప్పి నిలబెట్టడమే ఆయన బండిని మార్చడం అని మా అభిప్రాయం.

మేము ఆఫీసుకు పోయి వచ్చేది 40 కిలోమీటర్లు, 10 యూనిట్ల బ్యాటరీ చాలు. ముందు సీట్ల కింద 796 సీసీ ఇంజన్ ఉన్న చోట మోటరు పెడితే, వెనక చక్రాలకు పోయే షాఫ్టు అట్లనే వాడుకోవచ్చు. భయమంతా బ్రేకుల మీదే. టెస్టింగ్ పని చేసే బుద్ధి, ఏది ఫెయిలయితుందో అదే ముందు కనపడుతుంది. బ్యాటరీ బరువు ఎక్కినాక ఆ పాత బ్రేకులు ఆపుతాయా? అందుకే మొదటి ఖర్చు వాటికే.

తెలిసిన మెకానిక్‌తో గుట్టుగా చేయించే పని మాత్రం వద్దు. ఆమోదం ఉన్న కిట్టే వేయాలి, ఆర్‌టీఓలో ఆర్‌సీ మార్పించాలి. ఈ మోడలుకు అట్లాంటి కిట్టు దొరకకపోతే చిన్నాయనే గెలిచినట్టు. దొరికితే, విప్పిన ఇంజన్‌కు గ్రీసు పూసి షెడ్డులోనే పెడతాము, ఆయన పోయి చూసుకోవచ్చు.