సిస్టర్ల ఆరోగ్యం ఎవరికి పట్టింది?

ఉప్పు తగ్గించండి, వేళకు తినండి, కంటినిండా నిద్రపోండి అని బీపీ, షుగరు రోగులకు రోజూ చెప్పేది ఆసుపత్రి సిస్టర్లే. ఆ మూడు మాటలను తమ విషయంలో పాటించగలుగుతున్న సిస్టర్లు ఎందరన్నది ఆలోచించదగిన విషయం. వారికి తెలియక కాదు, తెలిసినా వీలు చిక్కకపోవడమే అసలు ఇబ్బంది. ఇంగ్లాండులో 2017లో వెలువడిన ఒక పరిశీలనలో ప్రతి నలుగురు నర్సులలో ఒకరికి ఊబకాయం ఉన్నట్టు తేలింది. చదువు ఒక్కటే ఒంటిని కాపాడదనడానికి ఇది నిదర్శనం.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో పెద్దాసుపత్రులు పెరిగాయి. ఆదిలాబాద్ రిమ్స్ 2008లో మొదలైంది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇది సంతోషించవలసిన సంగతి. అయితే రోగి మంచం పక్కన రాత్రంతా మెలకువగా ఉండవలసింది సిస్టరే. బోధనాసుపత్రిలో 3 పడకలకు ఒకరు, సాధారణ ఆసుపత్రిలో 5 పడకలకు ఒకరు చొప్పున నర్సులుండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఈ లెక్క తప్పిన చోట ఇద్దరి పని ఒకరి మీద పడుతుంది. అప్పుడు మొదట తప్పేది ఆమె అన్నం వేళే. టిఫిన్ డబ్బా మూత తీయకుండానే డ్యూటీ దాటిపోతుంది. చాయ్, బిస్కెట్, బయటి మిర్చి బజ్జీలతో కడుపు నింపుకోవలసి వస్తుంది. మరుగుదొడ్డి దగ్గరలో లేకపోతే నీళ్లు తాగడం కూడా తగ్గిస్తారు. దానితో మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు పట్టుకుంటాయి.

రాత్రి షిఫ్టు అంటే ఏమిటో గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ ప్రజలకు వేరే చెప్పనక్కరలేదు. బొగ్గుబాయి కార్మికుడు రాత్రి షిఫ్టు దిగి వస్తే ఇంట్లోవారు పిల్లలను గదమాయించి, తలుపులు దగ్గరేసి అతని నిద్ర కాపాడతారు. నైట్ డ్యూటీ దిగిన సిస్టరుకు ఆ మర్యాద ఎన్ని ఇళ్లలో దక్కుతున్నది? వంట, బట్టలు, పిల్లల బడి, అత్తమామల మందులు ఆమె కోసమే ఎదురుచూస్తుంటాయి.

దీని ఫలితం చిన్నది కాదు. అమెరికాలో 1976లో లక్షా 20 వేలకు పైగా నర్సులతో మొదలైన దీర్ఘకాల పరిశీలనలో, ఏళ్ల తరబడి మార్చి మార్చి రాత్రి డ్యూటీలు చేసినవారికి గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువగా కనిపించింది. రాత్రి షిఫ్టు పని బహుశా క్యాన్సర్ కలిగించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చెప్పింది, 2019లో మళ్లీ అదే మాట ఖాయం చేసింది. పైగా నిద్ర చాలని కళ్లతో మందు మోతాదు చూడడం రోగికి కూడా ప్రమాదమే.

కనుక ఆసుపత్రి అధికారులు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. డ్యూటీ పట్టిక నెల ముందే చెప్పాలి. వరుసగా ఎక్కువ రాత్రులు వేయరాదు. రాత్రి డ్యూటీ వారికి వేడి అన్నం, మంచినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, కాసేపు నడుం వాల్చడానికి గది ఉండాలి. ఖాళీలు ఎప్పటికప్పుడు నింపాలి. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలని 2017లో చట్టమే వచ్చింది. ప్రైవేటు ఆసుపత్రులు కూడా దీనిని మరువరాదు.

సిస్టర్లు తమ వంతుగా చేయగలిగినవీ లేకపోలేదు. డ్యూటీకి పోయేముందు కడుపునిండా తినడం, సంచిలో జొన్నరొట్టె, పల్లీలు, పండు, నీళ్ల సీసా పెట్టుకోవడం, తెల్లవారుజామున చాయ్ మానడం ఖర్చు లేని పనులు. ఏడాదికోసారి బీపీ, షుగరు చూపించుకోవడం, హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులూ పూర్తిచేయడం తప్పనిసరి.

ఇక మన వంతు. ఒక్క రోగి వెంట పదిమంది దవాఖానకు పోయి వార్డు నింపడం, "సెలైన్ అయిపోయింది" అని గాబరాగా అరవడం, అన్నం ముందు కూర్చున్న సిస్టరును లేపడం మానుకోవాలి. పల్లెల్లో ఏఎన్ఎం ఇంటికి వస్తే ఓ గ్లాసు నీళ్లు ఇచ్చి కూర్చోమనడం మన పద్ధతే. ఆ పద్ధతి వార్డులో కూడా పాటించాలి. రేపు మన ఇంటి ఆడపడుచు కాన్పుకు పోయినప్పుడు రాత్రి రెండింటికి ఆమె నాడి చూసేది ఆ సిస్టరే. ఆమె తిని, నిద్రపోయి వచ్చి ఉండడం మన బిడ్డకే మేలని ప్రజలు, అధికారులు గుర్తించవలసిన అవసరం ఎంతైనా ఉంది.