బంగాళాఖాతం వాకిట కాపలా ఎవరిది?

మాయాబందర్ రేవుకు చెన్నై కంటే మయన్మార్ తీరమే దగ్గర. 1925లో బ్రిటిష్ పాలకులు బర్మా నుంచి రప్పించిన కరెన్ కుటుంబాల వారసులు నేటికీ ఆ చుట్టుపక్కల వెబి వంటి గ్రామాల్లో నివసిస్తున్నారు. వారి ఇరుగుపొరుగున బెంగాలీలు, తెలుగువారు ఉన్నారు. అయినా అక్కడి అంగడికి సరుకు ఎదుటి తీరం నుంచి రాదు. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలోని ప్రధాన భూభాగం నుంచి ఓడ రావలసిందే. సముద్రం కలిపిన తీరాలను రాజధానులు విడదీశాయి.

ఈ ఎడబాటును తొలగించడానికే బిమ్‌స్టెక్ పుట్టిందని చెబుతారు. 1997 జూన్ 6న బ్యాంకాక్‌లో భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, థాయిలాండ్ దానికి పునాది వేశాయి. ఆ డిసెంబరులోనే మయన్మార్ చేరింది. 2004లో నేపాల్, భూటాన్‌లకు చోటు దక్కింది. అంగుళం తీరం లేని ఆ దేశాలకు సభ్యత్వం ఇవ్వడం తప్పు కాదు. నేపాల్ సరుకుకు కోల్‌కతా రేవే ప్రధాన ద్వారం. అయితే గ్రేట్ నికోబార్‌కు రెండు వందల కిలోమీటర్ల లోపే సుమత్రా ఉన్నా, ఇండోనేషియా ఈ కూటమిలో లేదు. అర్హతకు భూగోళం ఒక సాకు మాత్రమే. ప్రవేశాన్ని నిర్ణయించేది రాజధానుల అవసరం.

ఆ అవసరానికి తొడిగిన ముసుగు పేరు ఏకాభిప్రాయం. చిన్న దేశాలకు అదే రక్షణ కవచమని సమర్థకులు వాదిస్తారు. విధానాల విషయంలో ఆ వాదనకు బలం ఉండవచ్చు. సభ్యత్వం విషయంలో మాత్రం అది కాదన్నది ఎవరో, ఎందుకో తెలియకుండా దాచే తెర. 2011లో ఆసియాన్‌కు దరఖాస్తు చేసిన తైమూర్ లెస్టేకు 2025 అక్టోబరులో గాని తలుపు తెరుచుకోలేదు. అయితే 2023లో నెరవేర్చవలసిన షరతుల పట్టికనైనా దాని చేతికి ఇచ్చారు.

లోపలికి వచ్చాక బాధ్యత ఏమిటన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. 2021 సైనిక కుట్ర తరువాత మయన్మార్ సేనాధిపతిని ఆసియాన్ తన శిఖరాగ్ర సభలకు దూరంగా ఉంచింది. అదే సేనాధిపతికి 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ బిమ్‌స్టెక్ సభ ఆసనం వేసింది. 2004లో చట్రం కుదిరిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం రెండు దశాబ్దాలు దాటినా పూర్తి కాలేదు. ఏడుగురి మధ్యే కుదరని కూటమిలో కొత్త సభ్యుడంటే, అడ్డుచెప్పే హక్కు గల మరో గొంతు మాత్రమే.

2024 మేలో అమలులోకి వచ్చిన బిమ్‌స్టెక్ నియమావళి కాగితం మీద మిగలకూడదంటే మూడు పనులు జరగాలి. ప్రతి దరఖాస్తుకూ గడువు విధించాలి. తిరస్కరణకు కారణాన్ని బహిరంగంగా ప్రకటించాలి. వాణిజ్య, నౌకా రవాణా ఒప్పందాల అమలును ప్రవేశ షరతుగా పెట్టి, పాత సభ్యులనూ అదే తూకంలో తూచాలి. కూటమిలో అతిపెద్ద దేశమైన భారత్ ఇందుకు చొరవ తీసుకోకపోతే, సభ్యుల సంఖ్య ఎంత పెరిగినా మాయాబందర్ రేవుకు ఎదుటి తీరం నుంచి ఒక్క ఓడ కూడా రాదు.