ఇన్‌కమింగ్ కోస్తే కూలి పోతుంది

మిరపకోతల రోజుల్లో పొద్దుగూకితే మన పేటల్లో ప్రతి ఇంటివాళ్ల చెవీ ఫోను మీదే వుంటుంది. రేపు ఎవరి చేలోకి, ఎంతమంది, ఆటో ఎన్నింటికి అన్నది ముఠా మేస్త్రి ఫోను చేసి చెబుతాడు. ఒకప్పుడు వాకిలి వాకిలికీ తిరిగి పిలిచేవాడు. ఇప్పుడు తిరగడు. ఫోను ఎత్తినవాళ్లు ఆటో ఎక్కుతారు. ఎత్తనివాళ్ల చోట్లో ఇంకొకరు ఎక్కుతారు.

మొన్నటి కోతల్లో మా మండలంలో ఒక అక్క వరసగా మూడు రోజులు ఇంట్లో కూర్చుంది. మేస్త్రి కావాలనే పక్కన పెట్టాడనుకుంది, కులం చూసి పెట్టాడని కూడా అనుకుంది, మా దగ్గరకొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. మేము నలుగురం పోయి మేస్త్రిని నిలదీశాం. ఆయన నోరెత్తకుండా తన ఫోను తీసి చూపించాడు. మూడు సాయంత్రాలూ చేశాడు. ఆగింది ఆమె ఫోను. రీచార్జి గడువు దాటిందని కంపెనీ ఇన్‌కమింగ్ కోసేసింది. అప్పటికి ఆమె ఖాతాలో నలభై రూపాయలు వున్నాయి. అవి వుండి కూడా ఫోను మోగలేదు. మేస్త్రికి మేము తప్పైందని చెప్పుకుని వచ్చాం.

ఇన్‌కమింగ్ అంటే ఏమిటి? అవతలివాడు తన డబ్బుతో మనల్ని పిలిచే పిలుపు. దానికి మన దగ్గర వసూలు చేయడమంటే, స్టాంపు అంటించిన వుత్తరం తెచ్చిన పోస్టుమాను మళ్లీ మన ముందు చేయి చాపడమే. ఈ దేశంలో సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో అలాగే చాపారు. 2003 మే నుంచి అది పోయి, చేసినవాడే చెల్లించే పద్ధతి వచ్చింది. 2005 చివర్లో కంపెనీలు పోటీలుపడి 'లైఫ్‌టైం' పథకాలు పెట్టాయి. ఒక్కసారి వెయ్యి రూపాయల దాకా కట్టండి, ఇక ఇన్‌కమింగ్‌కు బెంగ లేదు అన్నాయి. కౌలుకు పొలం ఇచ్చేనాడు కామందు చెప్పే తీపిమాటలు మనకు తెలియనివా!

2018లో మాట మారింది. నెలకు కనీసం రు.35 వేయించకపోతే ముందు అవుట్‌గోయింగ్, తర్వాత ఇన్‌కమింగ్ కూడా ఆపుతామని పెద్ద కంపెనీలు మెసేజీలు పంపాయి. ఖాతాలో డబ్బులున్నవాళ్లకు వెంటనే కోయవద్దని ఆ నవంబరులో ట్రాయ్ చెప్పింది. కోత ఆగలేదు, కొన్నాళ్లు ఆలస్యమైంది, అంతే. ఆ రు.35 తర్వాత ఎంతయింది? 2024 జూలైలో అన్ని ప్రైవేటు కంపెనీలూ కూడబలుక్కున్నట్టు ఒకేవారంలో రేట్లు పెంచాయి. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియాల్లో రు.179 వున్న 28 రోజుల ప్యాకు రు.199కి పోయింది. జియోలో రు.155ది రు.189 అయింది. బజారులో వంకాయల ధర కూడా దుకాణానికో రకంగా వుంటుంది కదా.

ఈ 28 రోజులేమిటో కూడా చూడాలి. మన నెల ముప్పై రోజులు, కంపెనీ నెల ఇరవై ఎనిమిది. పన్నెండు నెలల ఏడాదికి పదమూడు రీచార్జీలు పడతాయి. రు.199 చొప్పున పదమూడుసార్లు అంటే రు.2,587. ఉపాధి హామీ పనికి 2025-26లో మన రెండు రాష్ట్రాలకూ నిర్ణయించిన రోజు కూలి రు.307. అంటే ఎనిమిది రోజుల పైచిలుకు కూలి ఒక్క ఫోను మోగడానికే పోతుంది. మొగుడూ పెళ్లాం ఇద్దరికీ ఫోనుంటే పదిహేడు రోజులు. కూలి మనిషి ఏడాదిలో పదిహేడు రోజులు కంపెనీ చేలో వెట్టి చేస్తున్నట్టు లెక్క. 2022 జనవరిలో ట్రాయ్ కదిలి, ప్రతి కంపెనీ 30 రోజుల ప్యాకు కనీసం ఒకటైనా వుంచాలంది. వుంచారు. కానీ దుకాణంలో పోయి అడిగితే మన చేతికి వచ్చేది ఇరవై ఎనిమిదే. అడగాలని తెలిసినవాడికే ముప్పై.

యూరియా బస్తా కావాలంటే ఈ పురుగుమందు డబ్బా కూడా కొనాలని ఎరువుల డీలరు లింకు పెడితే మనం దుకాణం ముందు కూర్చుని ధర్నా చేస్తాం. సెల్‌ఫోను కంపెనీ చేసేదీ అదే. ఆ అక్కది బటన్ల ఫోను. ఆమెకు నెట్‌తో పని లేదు. అయినా ఇన్‌కమింగ్ కావాలంటే నెట్ కలిపిన ప్యాకే కొనాల్సి వచ్చేది. (మన కుర్రాళ్లకు నెట్ కావాలి, వాళ్లు రీల్సు చూస్తారు, చూడనీయండి, దానిమీద మాకు కోపం లేదు. అక్కరలేనివాడి నెత్తిన రుద్దడం మీదే మా కోపం.) ఈ గోల ట్రాయ్ దాకా పోయి, మాటలకూ మెసేజీలకూ మాత్రమే వేరే ప్యాకు పెట్టి తీరాలని 2024 డిసెంబరు 23న నిబంధన తెచ్చింది. గడువు 365 రోజుల దాకా ఇవ్వవచ్చంది. మంచిదే. మరి 2025 జనవరిలో కంపెనీలు ఏం తెచ్చాయి? ఎయిర్‌టెల్ 84 రోజులకు రు.469, ఏడాదికి రు.1,849. జియో 84 రోజులకు రు.448, 336 రోజులకు రు.1,748. ఆ 336 ఏమిటా అని లెక్కేస్తే పన్నెండు ఇరవై ఎనిమిదులు! రోజువారీ చూస్తే ఇవి చవకే, కాదనం. రు.469 ప్యాకులో రోజుకు అయిదున్నర పడుతుంది, రు.199 ప్యాకులో ఏడు పైన పడుతుంది. కానీ ఒక్కసారి రు.469 తీయాలంటే ఒకటిన్నర రోజుల కూలి ఒక చోట పోగుపడాలి. అంత డబ్బు చేతిలో ఎప్పుడు నిలిచింది మనకు? బియ్యం బస్తా కొనలేనివాడు కిలో చొప్పున కొని ఎక్కువ పెట్టడం పాత కథే. ఫోను దగ్గరకూ అదే వచ్చింది.

పట్నంలో మిత్రులు కొందరు, రెండొందలకు ఇంత రచ్చా అంటున్నారు. మేమూ మొదట తేలిగ్గానే తీసుకున్నాం, దాచుకోవడం ఎందుకు. కూలి రేట్లు, ఇళ్ల స్థలాలు, కౌలు గుర్తింపు కార్డులు వుండగా సెల్‌ఫోను గొడవ సంఘానికి ఎందుకనుకున్నాం. కానీ ఫోను సోకుగా పెట్టుకున్న వస్తువైతే అది వేరు. దాన్ని మన బతుక్కు ముడిపెట్టింది ప్రభుత్వం. ఉపాధి పనిలో 2023 జనవరి 1 నుంచి పనిచోట రోజుకు రెండుసార్లు ఫోటోలు తీసి యాప్‌లో ఎక్కిస్తేనే హాజరు అన్నారు. సిగ్నల్ లేని గుట్టల దగ్గర మేటు ఫోను పట్టుకుని తిరిగిన మధ్యాహ్నాలు మనకు గుర్తే. బ్యాంకుకు పోతే ఓటీపీ, ఆధార్‌కు పోతే ఓటీపీ, పీఎం కిసాన్ ఈకేవైసీకి ఓటీపీ. ఆ ఓటీపీ వచ్చేది ఏ దారిన? ఇన్‌కమింగ్ దారినే. ప్రభుత్వం తన గుమ్మానికి కంపెనీ తాళం వేసి, తాళంచెవి మనల్ని కొనుక్కోమంటోంది.

వలసపోయేవారి బాధ ఇంకా ఘోరం. కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం వైపు నుంచి గుంటూరు మిరపకోతలకు ఇళ్లకు తాళాలేసి పోతారు. ముసలివాళ్లను వూళ్లో వదిలి పోతారు. ఆ ముసలివాళ్ల ఫోనుకు రీచార్జి చేసేదెవరు? వాడకం లేకుండా 90 రోజులు గడిస్తే నెంబరు రద్దు చేయవచ్చని కంపెనీకి వీలుంది. ఖాతాలో రు.20 వుంటే అది కోసుకుని నెంబరు నిలపాలని 2013 నుంచి ట్రాయ్ నిబంధన వుంది గానీ, ఆ సంగతి మన పేటల్లో ఎందరికి తెలుసు? రద్దయిన నెంబరు కొన్నాళ్లకు మరొకరికి అమ్ముడుపోతుంది. బ్యాంకులో మాత్రం ముసలమ్మ పేరు మీద అదే నెంబరు వుంటుంది. పింఛను డబ్బు ఓటీపీ ఎవరి ఫోనులో మోగుతుందో ఆలోచించండి.

ఫోను మనది, దాన్ని ఎట్లా వాడాలో చెప్పేది మాత్రం కంపెనీ. 2017లో జియోఫోను 'ఉచితం' అన్నారు. రు.1,500 డిపాజిట్టు, మూడేళ్ల తర్వాత వాపసు. ఏడాదికి కనీసం రు.1,500 రీచార్జి చేయాలన్న షరతు వెనక దాచారు. అందులో ఇంకో కంపెనీ సిమ్ము వేస్తే పని చేయదు. ఒక్క మన దేశంలోనే అనుకోకండి. అమెరికాలో 2004లో వెరైజన్ అనే కంపెనీ, మోటరోలా తయారుచేసిన ఫోనులో బ్లూటూత్‌ను చాలావరకు పనిచేయకుండా చేసి అమ్మింది. ఫోటోలు తీగ లేకుండా పక్క యంత్రానికి పంపుకోనీయక, డబ్బు కట్టి తమ నెట్‌వర్కు మీదనే పంపించుకునేట్టు చేశారని కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. కంపెనీ రాజీకి రాక తప్పలేదు. డాలర్లున్నవాడికైనా రూపాయలున్నవాడికైనా గుత్త కంపెనీ ఒకటే పాఠం చెబుతుంది. వాళ్లు కోర్టుకెక్కారు, మనం రీచార్జి దుకాణం కెక్కుతున్నాం.

కంపెనీల వాదన కూడా చెప్పుకోవాలి. స్పెక్ట్రం బాకీలున్నాయి, వాడకం లేని నెంబర్లు మాకు బరువు అంటాయి. బాకీల సంగతే తీసుకుందాం. వొడాఫోన్ ఐడియా ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీలో 2023లో రు.16,133 కోట్లు, 2025లో రు.36,950 కోట్లు వాటాలుగా మార్చారు. దాంతో ఆ కంపెనీలో ప్రభుత్వం వాటా 49 శాతం దాకా పోయింది. యాభై మూడు వేల కోట్ల బాకీదారుకు అంత వెసులుబాటు. రు.199 బాకీ కూడా కాదు, గడువు దాటిన మనిషికి కొద్దిరోజుల్లో కోత. సగం వాటా చేతిలో పెట్టుకున్న ప్రభుత్వం, కనీసం ఆ ఒక్క కంపెనీలోనైనా పేదవాడి ఇన్‌కమింగ్ కోయవద్దని చెప్పవచ్చు కదా! ఇక ప్రజల సొంత సంస్థ బీఎస్ఎన్ఎల్. ప్రైవేటువాళ్లకు 2012లోనే 4జీ వచ్చింది. దేశవ్యాప్తంగా బీఎస్ఎన్ఎల్ 4జీని ప్రారంభించింది 2025 సెప్టెంబరులో. కాళ్లు కట్టి పరుగు పందెంలో దింపి, ఓడిపోయిందని వెక్కిరించారు.

మేము కోరేది పెద్దదేమీ కాదు. నెంబరు బతికి వున్నంతకాలం ఇన్‌కమింగ్, ఓటీపీ మెసేజీలు కోయకూడదు. ఖాతాలో డబ్బుంటే మాట్లాడినంతకే కోసుకోవాలి, గడువు పేరుతో మింగకూడదు. నెట్ లేని ప్యాకు వారానికి, పదిహేను రోజులకు కూడా దొరకాలి, దాని రేటు దుకాణం గోడ మీద తెలుగులో రాసి వుండాలి. పనిలో హాజరుకు, పింఛనుకు ఫోను కావాలనే ప్రభుత్వం ఆ ఫోను ఖర్చు తానే భరించాలి, లేదా పాత పద్ధతిన కాగితం మీద మస్టరు వేయాలి.

వచ్చే నెల మండల సంఘం సమావేశాలకు వచ్చేటప్పుడు మీ ఫోను ఆగిన తేదీ, ఆ రోజుల్లో పోయిన పనిదినాలు, అందని ఓటీపీ దేనిదో కాగితం మీద రాయించుకుని తెండి. రాయలేనివారికి రాసిపెట్టడానికి గుమ్మం దగ్గర ఒక కుర్రాణ్ణి కూర్చోబెడతాం. అన్నీ కలిపి ట్రాయ్‌కూ కలెక్టరుకూ ఇస్తాం. ఆ అక్క కాగితం ఇప్పటికే మా దగ్గర వుంది. మూడు రోజుల మిరపకోత కూలి, ఖాతాలో నలభై రూపాయలు.