చౌక టికెట్టు ఉంది, ఎక్కే రైలేది?

రైలు చార్జీలు పెంచిన ప్రతిసారీ ఢిల్లీ నుంచి ఒకటే మాట వినపడుతుంది: సామాన్యుడి మీద భారం పడదు. 2025 జులై 1న పెంచినప్పుడు ఆర్డినరీ సెకండ్ క్లాసులో 500 కిలోమీటర్ల దాకా పెంపు లేదన్నారు. అదే ఏడాది డిసెంబరు 26న మళ్లీ పెంచి, ఆ హద్దును 215 కిలోమీటర్లకు దించారు. వికారాబాద్ నుంచి సికింద్రాబాద్ సుమారు 70 కిలోమీటర్లు. తాండూరు నుంచి 110కి అటూఇటూ. ఆ లెక్కన మన జిల్లా రైతు పట్నం పోయి రావడానికి ఆర్డినరీ టికెట్టు మీద ఈ రెండు పెంపుల్లోనూ పైసా పడలేదు. కాగితం మీద ఇది నిజమే. మరి ఆ మిగులు మన జేబులో ఎందుకు కనపడటం లేదు?

ఎందుకంటే ఆ మినహాయింపు ఆర్డినరీ టికెట్టుకు మాత్రమే. మనకు దొరికే బండ్లలో ఎక్కువ ఎక్స్‌ప్రెస్‌లు, సూపర్‌ఫాస్ట్‌లు. ప్యాసింజర్ రైలులో కనీస చార్జీ 10 రూపాయలైతే ఎక్స్‌ప్రెస్‌లో 30. సూపర్‌ఫాస్ట్ అయితే సెకండ్ క్లాసుకు మరో 15 రూపాయలు అదనం. కిలోమీటరుకు పైసా పెరిగిందా, రెండు పైసలు పెరిగాయా అన్నది మనకు పెద్ద సంగతి కాదు. మన అవసరానికి అందే బండి ఏ రకం టికెట్టుతో నడుస్తోందన్నదే అసలు సంగతి. పేదవాడి టికెట్టు ధర పెంచకుండానే అతని ప్రయాణం ఖర్చు పెంచవచ్చు. అతను ఎక్కే బండిని తగ్గిస్తే చాలు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు, జరిగిందే. 2020 మార్చిలో కరోనా పేరుతో ప్యాసింజర్ రైళ్లన్నీ నిలిచిపోయాయి. తిరిగి మొదలైనప్పుడు అవే బండ్లు, అవే బోగీలు స్పెషళ్లుగా, ఎక్స్‌ప్రెస్ చార్జీలతో వచ్చాయి. 10 రూపాయల కనీస టికెట్టు 30 అయింది. పార్లమెంటులో చార్జీల పెంపు ప్రకటన లేదు, చర్చ లేదు. బండికి పేరు మారింది, అంతే. 2024 ఫిబ్రవరి చివర్లో, లోక్‌సభ ఎన్నికల ముంగిట, పాత ఆర్డినరీ చార్జీలు తిరిగి తెచ్చారు. దాదాపు నాలుగేళ్లు దేశంలోని కూలీలు, రైతులు, చిరువ్యాపారులు కట్టిన ఆ అదనపు సొమ్ము గురించి ఎవరూ జవాబు చెప్పలేదు. అదే కాలంలో జీరో బేస్డ్ టైమ్‌టేబుల్ అంటూ, ప్రయాణికులు తక్కువన్న సాకుతో దేశంలో చాలా చోట్ల చిన్న స్టేషన్ల హాల్టులు ఎత్తేశారు.

చార్జీ వెనక్కి వచ్చింది. ఆ చార్జీకి తీసుకుపోయే బండ్లు మన దారిలో వేళ్ల మీద లెక్కపెట్టే అన్నే. ధారూరు, గోదంగూడ, రుక్మాపూర్, మంతట్టి, చిట్టిగిడ్డ లాంటి చిన్న స్టేషన్ల ముందు నుంచే ఎక్స్‌ప్రెస్‌లు దూసుకుపోతాయి. ఆ ఊళ్ల మనిషి పట్నం బండి పట్టుకోవాలంటే ముందు ఆటోకు డబ్బులు పెట్టి వికారాబాదో తాండూరో చేరాలి. టికెట్టులో మిగిలిందనుకున్నది ఆటోలోనే పోతుంది.

మన దగ్గర రైలు కొత్తది కాదు. సికింద్రాబాద్-వాడి లైను నిజాం కాలంలో, 1874లో మొదలైంది. వికారాబాద్ నుంచి బీదర్ వైపు ఇంకో లైను పోతుంది. నూటయాభై ఏళ్లుగా మన పొలాల మధ్య నుంచి బండ్లు నడుస్తున్నాయి. తాండూరు బండలు, సిమెంటు దేశమంతా తెలుసు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంత సరుకు పుట్టించే నేల మీది మనిషికి మాత్రం పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరే చౌక బండి కోసం దేవులాట తప్పడం లేదు.

రైతుకు పట్నంతో పని లేదనుకునే వాళ్లు ఇంకా ఉన్నారు. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ దవాఖానలకు పోయేది ఎవరు? భూమి కేసు మీద హైకోర్టు చుట్టూ తిరిగేది ఎవరు? కూరగాయల గంప, ఆకుకూరల మూట అమ్ముకునేది ఎక్కడ? వాన ముఖం చాటేసిన ఏడాది శంకర్‌పల్లి, లింగంపల్లి వైపు కైకిలికి పోయేది ఎవరు? వీళ్లందరికీ వేళ ముఖ్యం. ఓపీ చీటీ ఇచ్చే వేళకు, కూలి అడ్డా మీద మనుషులను పిలిచే వేళకు చేరని బండి ఎంత చౌకదైనా వృథా. మధ్యాహ్నం నడిచే పది రూపాయల రైలు, తెల్లవారి పోవాల్సిన వాడికి ఏం పనికొస్తుంది?

దీనికి బస్సు ఉంది కదా అంటారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితమయ్యాయి. అది మంచిదే, దాన్ని కాపాడుకోవాలి. కానీ ఆ బస్సుల్లో నిలబడే చోటు కూడా లేనంత రద్దీ ఉంది. మగవాళ్లకు చార్జీ ఉంది. ఇక రోడ్డు సంగతి మనకు తెలియనిది కాదు. 2025 నవంబరు 3న తాండూరు నుంచి పట్నం బయలుదేరిన ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొట్టింది. 19 మంది చనిపోయారు. కంకర మీద పడి మనుషులు కూరుకుపోయిన ఆ దృశ్యాలు మన ఊళ్లు ఇంకా మరచిపోలేదు. ఆ రోడ్డు విస్తరణ ఏళ్ల తరబడి నానుతూ వచ్చింది. రోడ్డు వెడల్పు చేయాల్సిందే. దానితో పాటు, ఆ రోడ్డు మీద నుంచి జనాన్ని తగ్గించే దారి పక్కనే పట్టాల రూపంలో ఉంది. చాలినన్ని ప్యాసింజర్ బండ్లు నడపడమంటే టికెట్టు డబ్బు మిగలడమొక్కటే కాదు, మనుషులు ప్రాణాలతో ఇంటికి చేరడం కూడా.

రైతుకు రైల్వేలో ఒకప్పుడు ప్రత్యేక రాయితీలు ఉండేవన్న సంగతి మన సంఘంలోనే చాలామందికి తెలియదు. వ్యవసాయ ప్రదర్శనలకు పోయే రైతులకు సెకండ్ క్లాసు, స్లీపర్‌లో 25 శాతం. ప్రభుత్వం ఏర్పాటు చేసిన ప్రత్యేక రైళ్లలో పోయే రైతులకు 33 శాతం. మెరుగైన సాగు, పాడి పద్ధతులు నేర్చుకోవడానికి జాతీయ సంస్థలకు పోయే రైతులకు, పాల ఉత్పత్తిదారులకు 50 శాతం. 2020 మార్చి 20 నుంచి ఇవన్నీ ఆగిపోయాయి. దివ్యాంగులు, కొన్ని జబ్బుల రోగులు, విద్యార్థులకు తప్ప మిగతా అందరికీ రాయితీలు తీసేశారు. విచిత్రమేమంటే, అదే 2020లో ఆగస్టు 7న కిసాన్ రైలు అంటూ జెండా ఊపారు. బండి మీదికి రైతు పేరు ఎక్కింది. రాయితీల జాబితాలోంచి రైతు దిగిపోయాడు.

వృద్ధుల రాయితీ కూడా ఆ రోజే పోయింది. 60 దాటిన మగవాళ్లకు 40 శాతం, 58 దాటిన ఆడవాళ్లకు 50 శాతం ఉండేది. మన పల్లెల్లో పొలం పట్టుకుని ఉన్నది ఎక్కువగా ఆ వయసు వాళ్లే. కనీసం స్లీపర్, థర్డ్ ఏసీలోనైనా ఈ రాయితీని మళ్లీ ఇచ్చే విషయం ఆలోచించమని పార్లమెంటు రైల్వే స్థాయీ సంఘమే సిఫార్సు చేసింది. ప్రభుత్వం కదలలేదు. ఈ రాయితీ ఎత్తేయడం వల్ల 2025 ఫిబ్రవరి దాకా ఐదేళ్లలో రైల్వేకు అదనంగా వచ్చింది సుమారు 8,913 కోట్లని సమాచార హక్కు చట్టం కింద బయటపడింది. అది ముసలివాళ్ల మందుల డబ్బు.

దీనికి రైల్వే శాఖ చెప్పే సమాధానాన్ని దాటవేయకూడదు. ప్రయాణికుడి మీద 100 రూపాయలు ఖర్చయితే తాము వసూలు చేసేది 54 మాత్రమేనని, 2022-23లో ప్రయాణాల మీద ఇచ్చిన సబ్సిడీ 56,993 కోట్లని అంటుంది. లెక్క తప్పని మేము అనడం లేదు. ఆ లోటును ప్రధానంగా సరుకు రవాణా లాభంతో పూడుస్తారు. సరుకు కిరాయి ఎవరి నెత్తిన పడుతుంది? వ్యాగన్లలో వచ్చే ఎరువు బస్తాను కొనేది రైతు. బొగ్గుతో తయారైన కరెంటుకు, సిమెంటుకు ధర కట్టేది జనం. ఒక చేత్తో మన దగ్గర తీసుకున్నదాంట్లో కొంత ఇంకో చేత్తో ఇచ్చి, దాన్ని దానం అని పిలవడం న్యాయం కాదు. పైగా జనరల్ బోగీలో తలుపు దగ్గర ఒంటికాలి మీద నిలబడ్డ మనిషి మీద ఎంత ఖర్చవుతోందో ఆ సగటు లెక్క చెప్పదు.

ఇక, ఇప్పుడున్న పరిస్థితిలోనే డబ్బు మిగుల్చుకునే దారులు కొన్ని ఉన్నాయి. రోజూ లేదా వారంలో ఎక్కువ రోజులు పోయేవాళ్లు సీజన్ టికెట్టు తీసుకోవాలి. 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు కాబట్టి తాండూరు వాళ్లకూ వర్తిస్తుంది. నెలంతా విడిగా టికెట్లు కొనేదానిలో సగానికి బాగా తక్కువే అవుతుంది. మూడు నెలలది తీసుకుంటే నెల ధరకు 2.7 రెట్లే కట్టాలి. 2025లో రెండుసార్లూ సీజన్ టికెట్ల ధర పెరగలేదు. సెకండ్ క్లాసులో 35 కిలోల సామాను ఉచితం. అంతకు మించిన మూటను ముందే లగేజీగా బుక్ చేసుకుంటే జరిమానా తప్పుతుంది. ప్యాసింజర్ టికెట్టుతో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చార్జీ తేడాకు తోడు కనీసం 250 రూపాయల జరిమానా పడవచ్చు కాబట్టి, కౌంటర్ దగ్గర ఏ బండికో స్పష్టంగా చెప్పి టికెట్టు తీసుకోవాలి. ఈ దూరాలకు జనరల్ టికెట్టు కొన్న మూడు గంటల్లోపు, లేదా ఆ తర్వాత అటు పోయే మొదటి బండికి ప్రయాణం మొదలుపెట్టాలన్న నిబంధన కూడా గుర్తుంచుకోవాలి.

ఈ జాగ్రత్తలతో పది రూపాయలు మిగలవచ్చు గానీ బండి రాదు. బండి రావాలంటే అడగాలి. 2017 దాకా రైల్వేకు వేరే బడ్జెట్ ఉండేది. ఏడాదికోసారైనా మన లైను మాట సభలో వచ్చేది. ఇప్పుడు సాధారణ బడ్జెట్‌లో కలిపేశాక అదీ పోయింది. వికారాబాద్ నుంచి పరిగి, కొడంగల్ మీదుగా కృష్ణాకు కొత్త లైను దశాబ్దాలుగా సర్వేల దగ్గరే తిరుగుతోంది. వికారాబాద్, తాండూరు రెండూ అమృత్ భారత్ స్టేషన్ల జాబితాలో ఉన్నాయి. స్టేషన్ ముఖద్వారం అందంగా కడితే సంతోషమే. ఆ ద్వారంలోంచి లోపలికి పోయిన మనిషికి బండి ఉండాలి కదా.

అందుకే మన సంఘం అడగాల్సింది నాలుగు. ఒకటి, తాండూరు నుంచి పట్నానికి తెల్లవారుజామున, పట్నం నుంచి సాయంత్రం పని ముగిసే వేళకు, అన్ని చిన్న స్టేషన్లలో ఆగుతూ ఆర్డినరీ చార్జీతో నడిచే మెము రైళ్లు పెంచాలి. రెండు, ఆ బండ్లలో కూరగాయలు, పాలు అమ్ముకునే వాళ్ల మూటలకు, క్యాన్లకు ఒక బోగీ కేటాయించాలి. మూడు, రైతుల, వృద్ధుల రాయితీలు తిరిగి ఇవ్వాలి. నాలుగు, 2009లో నెలకు 1,500 రూపాయలలోపు ఆదాయం ఉన్న వాళ్లకు 25 రూపాయలకే పెట్టిన ఇజ్జత్ సీజన్ టికెట్టును, నేటి కూలికి తగ్గ ఆదాయ పరిమితితో వ్యవసాయ కూలీలకు అందించాలి.

అడగడానికి ఒక వేదిక కూడా ఉంది. ప్రతి రైల్వే డివిజన్‌కు ప్రయాణికుల సంప్రదింపుల సంఘం ఉంటుంది. అందులో వ్యాపార, పరిశ్రమల సంఘాలతో పాటు వ్యవసాయ సంఘాలకూ చోటు ఉంది. సికింద్రాబాద్ డివిజన్ సంఘంలో మన ప్రతినిధి కోసం జిల్లా కమిటీ దరఖాస్తు పెట్టాలి. దానికి ముందు ప్రతి గ్రామ శాఖ ఒక పని చేయాలి. మన ఊరి నుంచి ఎంతమంది, ఏ రోజు, ఏ వేళకు, ఏ పని మీద పట్నం పోతున్నారో ఒక నెల పాటు నోటుబుక్కులో రాసి పంపాలి. ప్రయాణికులు లేరని హాల్టు ఎత్తేసే అధికారి ముందు ఆ పుస్తకాలన్నీ పెడదాం. అవే పుస్తకాలు చేవెళ్ల ఎంపీ ముందూ పెడదాం. జనం లేరన్న మాట ఇక చెల్లదని అప్పుడు వాళ్లే ఒప్పుకోవాల్సి వస్తుంది.