కంటిచూపుకు కదిలే ఫోను... ఎవరి కోసం?

చేతినిండా శనగపిండి. సరిగ్గా అప్పుడే ఫోను మోగుతుంది. ముట్టుకోకుండా తీసే వీలుంటే ఎంత బాగుండునని అనుకోని ఇల్లాలు ఉందా? ఆ ముచ్చట తీర్చే విద్య వచ్చేసింది. చేత్తో తాకనక్కర్లేదు, కంటితో చూస్తే చాలు, ఫోను మాట వింటుంది. అయితే దీన్ని వంటింటి వింత అనుకుని ఊరుకుంటే పొరపాటే. చేతులు, నాలుక పడిపోయిన మనిషికి మాట ఇవ్వగల సాధనమిది. అసలు విశేషం అక్కడుంది. చిక్కు కూడా అక్కడే ఉంది.

మోటార్ న్యూరాన్ జబ్బు వచ్చినవారికి కాళ్లు, చేతులు, గొంతు ఒక్కొక్కటిగా చచ్చుబడతాయి. చాలామందిలో కనుగుడ్ల కదలిక మాత్రం చాలాకాలం నిలిచి ఉంటుంది. ఏం కావాలో తెలుసు, చెప్పే దారే ఉండదు. ఫ్రాన్సులో 'ఎల్' అనే స్త్రీల పత్రిక సంపాదకుడు జాఁ దొమినిక్ బోబీకి 1995లో మెదడులో పోటు వచ్చి ఒంట్లో ఎడమ కనురెప్ప తప్ప దాదాపు ఏదీ కదలకుండా పోయింది. క్లాద్ మాఁదిబిల్ అనే ఆమె పక్కన కూర్చుని అక్షరాలు ఒక్కొక్కటే చదువుతుంటే, కావలసిన అక్షరం దగ్గర ఆయన రెప్ప ఆర్పేవాడు. అలా ఒక పుస్తకమే తయారై 1997లో అచ్చయింది. ఆయన పట్టుదలను అందరూ మెచ్చుకున్నారు. మరి గంటల తరబడి కూర్చుని రాసుకున్న ఆమె ఓపికో?

చాకిరీ ఎవరిది?

మన పాతబస్తీకే వద్దాం. యాకుత్‌పురాలోనో, తలాబ్‌కట్టలోనో ఒక ఇంట్లో మనిషి మంచాన పడితే చాకిరీ ఎవరి నెత్తిన పడుతుంది? కోడలిదో, కూతురిదో! ఇంట్లోనే మగ్గం మీద జర్దోజీ కుడుతూ, గాజులకు రాళ్లు అతుకుతూ సంపాదించే ఆడవాళ్లు ఆ గల్లీల్లో ఎందరో. చేసిన పనికే కూలి. మాటిమాటికీ సూది ఆపి మంచం దగ్గరికి వెళ్లాలి. 'నీళ్లా? పక్కకు తిప్పనా? దోమలా?' అని అడిగి, కళ్లలోకి చూసి ఊహించాలి. పని ఆగితే డబ్బు పోతుంది. ఊహ తప్పితే మంచం మీది మనిషి మనసు చిన్నబోతుంది. ఈ ఇద్దరికీ పనికొచ్చినప్పుడే కంటి ఫోనుకు విలువ.

ఎలా పనిచేస్తుంది?

చూపు తిప్పుకుంటే వీడియో ఆగిపోయే ఫోనును శామ్‌సంగ్ 2013లోనే తెచ్చింది. అది సరదాకి. గూగుల్ 2020 డిసెంబరులో తెచ్చిన 'లుక్ టు స్పీక్' మాత్రం అవసరానికి. ఆండ్రాయిడ్ ఫోనులో కుడివైపు కొన్ని వాక్యాలు, ఎడమవైపు కొన్ని కనబడతాయి. కావలసిన వాక్యం ఎటువైపుంటే అటు చూడాలి. అలా వడపోసుకుంటూ ఒక్క వాక్యం మిగిలితే ఫోను దాన్ని పైకి చదువుతుంది. మన వాక్యాలు మనమే రాసి పెట్టుకోవచ్చు. చదువు రానివారి కోసం 2024లో బొమ్మలతో నడిచే పద్ధతి కూడా చేర్చారు. ఆపిల్ 2024 సెప్టెంబరులో ఐఫోను 12, ఆ తర్వాతి ఫోన్లలో కంటితోనే మొత్తం ఫోను నడిపే వీలు కల్పించింది. ఒక చోట చూపు కాసేపు నిలిపితే వేలితో నొక్కినట్టే!

ఇదంతా ముందువైపు కెమెరా చేసే పని. కాబట్టి ముఖం స్పష్టంగా కనబడాలి, వెలుతురు పడాలి, ఫోను కదలకూడదు. అడుగున్నర దూరంలో స్టాండు మీద పెట్టమని ఆపిల్ చెబుతోంది. కిటికీ లేని ఇరుకు గదిలో పట్టపగలే దీపం వెయ్యాలన్నమాట. ఇక ఐఫోను ధర సంగతి చెప్పనక్కర్లేదు!

రెప్ప ఆర్పలేకపోతే?

ఇప్పుడు రెండో వైపు చూడండి. కన్ను ఫోనుకు తాళంచెవి అయితే, ఆ కన్ను సరిగా లేనివారి గతేమిటి? యాసిడ్ దాడికి గురైన ప్రజ్ఞా ప్రసూన్‌ను బ్యాంకు ఖాతా కోసం కెమెరా ముందు రెప్ప ఆర్పమన్నారు. ఆమెకు అది సాధ్యం కాదు. సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 ఏప్రిల్ 30న కోర్టు స్పష్టంగా చెప్పింది: డిజిటల్ సేవలు అందుకోవడం కూడా జీవించే హక్కులో భాగమే. మనిషి ఎదురుగా ఉన్నారని రుజువు చేసుకోవడానికి రెప్ప ఆర్పడమొక్కటే కాక వేరే దారులు ఉండాలని, కాగితాల మీద కేవైసీ చేసుకునే వీలూ కొనసాగాలని ఆదేశించింది. బ్యాంకులో, సిమ్ముల దుకాణంలో 'సిస్టం ఒప్పుకోదమ్మా' అంటే ఈ తీర్పు మాట ఎత్తండి.

కెమెరా అంటే పాతబస్తీలో మరో గుబులు కూడా ఉంది. 2021లో పోలీసులు తనను దారిలో ఆపి, మాస్కు తీయమని, ఫోటో తీశారంటూ సామాజిక కార్యకర్త ఎస్.క్యు. మసూద్ ముఖాలను గుర్తించే పద్ధతిపైనే తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం వేశారు. ముఖం ఎవరిది, ఆ బొమ్మ ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్న అక్కడివారికి కొత్త కాదు. కంటి కదలికల సమాచారం ఫోను దాటి పోదని గూగుల్, ఆపిల్ రెండూ చెబుతున్నాయి. ఊరూ పేరూ లేని కంపెనీల ఉచిత యాప్‌లకు ఆ భరోసా ఎవరిస్తారు? కెమెరా అనుమతి ఇచ్చేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఇంటి వాళ్ల సంగతీ చెప్పుకోవాలి. మంచం మీదున్న పెద్దావిడ కళ్ల ముందు ఫోను పెట్టి, రెప్ప ఆర్పించి, ఆమె పింఛను డబ్బు తీసుకోవడం కష్టమేమీ కాదు. కన్ను కదిలినంత మాత్రాన మనసు ఒప్పుకున్నట్టా?

మీ ఇంట్లో అలాంటి రోగి ఉంటే ముందు డాక్టరును, మాటల చికిత్స చేసే స్పీచ్ థెరపిస్టును అడగండి. ఉన్న ఆండ్రాయిడ్ ఫోనుతోనే మొదలుపెట్టి చూడండి. రోజుకు కాసేపే. కళ్లు త్వరగా అలిసిపోతాయి. వాక్యాలు ఎక్కించేటప్పుడు 'నీళ్లు', 'నొప్పి', 'పక్కకు తిప్పు'తో ఆపకండి. ఆమె ఇంట్లో మాట్లాడే భాషలోనే, తెలుగైతే తెలుగు, ఉర్దూ అయితే ఉర్దూ, ఇంకో రెండు మాటలు తప్పక చేర్చండి. ఒకటి, 'నాతో కాసేపు కూర్చో'. రెండోది, 'వద్దు'.